నీటిని వడకట్టే పొరలు - లోహ ఆక్సైడు కణాల తోడ్పాటు

బిందె మూతికి గుడ్డ కట్టి నీరు వడకట్టడం మనమందరం ఎరిగినదే. గుడ్డ నలుసులను ఆపగలదు గాని సూక్ష్మజీవులను ఆపలేదు. ఆ పనిని నేడు పాలీసల్ఫోన్ వంటి పాలిమర్లతో తయారైన పలుచని పొరలు చేస్తున్నాయి. వీటి రంధ్రాల పరిమాణం సుమారు 2 నుండి 100 నానోమీటర్లు. మిల్లీమీటరులో 10 లక్షలవ వంతు ఒక నానోమీటరు. బాక్టీరియా ఇంతకంటె ఎన్నో రెట్లు పెద్దవి గనుక ఈ రంధ్రాలను దాటలేవు.

అయితే ఈ పాలిమర్లకు నీటితో పొత్తు తక్కువ. నూనెలు, మాంసకృత్తులు మొదలైన మలినాలతో పొత్తు ఎక్కువ. అవి అంటుకొని రంధ్రాలు పూడుకొనిపోతాయి. అప్పుడు పీడనం పెంచవలసి వస్తుంది. విద్యుత్తు వ్యయం పెరుగుతుంది. మాటిమాటికి రసాయనాలతో కడగడం వలన పొర ఆయుష్షు క్షీణిస్తుంది.

ఇందుకు ఒక ఉపాయం, టైటానియం డయాక్సైడు వంటి లోహ ఆక్సైడుల నానోకణాలను పొరలో చేర్చడం. పాలిమర్‌ను ద్రావణిలో కరగించి, కణాలను కలిపి, గాజుపలకపై పలుచగా పరచి నీటిలో ముంచుతారు. ద్రావణి నీటిలోకి వెడలిపోగా పాలిమర్ రంధ్రాలతో గట్టిపడుతుంది. 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ సెల్యులోజ్ ఎసిటేట్ పొరను రూపొందించిన విధానమే దీనికి ఒరవడి. కణాల ఉపరితలంపై గల హైడ్రాక్సిల్ సమూహాలు నీటి అణువులను ఆకర్షిస్తాయి. పొరపై ఏర్పడిన నీటి తెర మలినాలను అంటనీయదు.

కాని మోతాదు మించితే మేలు కీడుగా మారుతుంది. కణాలు ఒకదానికొకటి అంటుకొని ముద్దకట్టి రంధ్రాలను మూసివేస్తాయి, పొర పెళుసుబారుతుంది. టైటానియం డయాక్సైడు అతినీలలోహిత కాంతిలో మలినాలతోపాటు పాలిమర్‌ను కూడా విచ్ఛిన్నం చేయగలదు. జింకు ఆక్సైడు కొద్దికొద్దిగా కరిగి నీటిలో చేరవచ్చును.

మరొక హద్దు కూడా గమనింపదగినది. ఈ పొరల గుండా కరిగిన లవణాలు దాటిపోతాయి. నల్లగొండ ప్రాంతపు నీటిలోని ఫ్లోరైడును తొలగించాలంటే విలోమ ద్రవాభిసరణ పొర వంటి మరింత బిగువైనది, లేదా వేరొక రసాయనిక పద్ధతి అవసరం.

కావున 'నానో' అనే పేరు విన్నంతనే మనం మురిసిపోరాదు. ప్రవాహం ఎన్నాళ్లు నిలుస్తుంది? కణాలు పొరలోనే ఉంటున్నాయా? వడకట్టిన నీటిలో ఏమి మిగిలింది? విద్యార్థులమైన మనం ఈ మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకోవాలి. తాగే నీటి విషయంలో పరీక్షించిన ఫలితమే ప్రమాణం.