కడలి ఒడ్డున పిడికెడు మెతుకులు

సముద్రమును చూచుటకు రుసుము లేదు. విశాఖపట్టణమునకు వచ్చిన యాత్రికుడు రామకృష్ణా బీచి ఇసుకలో ఎంతసేపు కూర్చున్నను అతనిని అడుగువారు ఎవ్వరును లేరు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద పొద్దు వ్రాలుటయు, రేవులోనికి ఓడ మెల్లగా మరలుటయు ధనికునకు ఎట్లో బీదవానికిని అట్లే కనిపించును. అయితే ఉప్పుగాలికి ఒక గుణమున్నది. అది ఆకలిని రేపును. ఆకలి రుచి యెరుగదని పెద్దలన్నారు గాని, ధర యెరుగదని అనలేదు. సంసారముతో వచ్చిన చిన్న ఉద్యోగి లేచి ఇసుక దులుపుకొని రోడ్డుకు ఎదుట వెలుగుచున్న హోటళ్ళ వంక చూచినప్పుడు, అతని చేయి అప్రయత్నముగా జేబు మీదికి పోవును. సముద్రము ఉచితమే గాని, సముద్రమునకు ఎదురుగా వేసిన కుర్చీ ఉచితము కాదు.

తీరనగరముల కన్నిటికిని ఈ చిక్కు కలదు. స్పెయిన్ దేశపు మధ్యధరా తీరమునకు 1960 దశకములో ఐరోపా జనము వెల్లువగా రాసాగినది. అప్పుడు 1964లో అక్కడి ప్రభుత్వము భోజనశాలలన్నియు ఒక నిర్ణీత ధరకు యాత్రిక భోజనము పెట్టవలెనని ఉత్తర్వు చేసినది. మొదటి వంటకము, ముఖ్య వంటకము, రొట్టె, పానీయము, చివర తీపియో పండో, అన్నియు కలిపి ఒకే ధర. తరువాత నిర్బంధము సడలినను అలవాటు పోలేదు. 'నాటి భోజనము' అను పేరుతో అది నేటికిని ఆ దేశపు పనివానికిని, పరదేశికిని మధ్యాహ్నపు ఆధారమై నిలిచియున్నది.

ఇది విని ఆంధ్రుడు ఆశ్చర్యపడ నక్కరలేదు. చట్టమేదియు చెప్పకుండనే ఆ ఏర్పాటు అతని యింట పుట్టినది. అన్నము, పప్పు, కూర, పచ్చడి, చారు, మజ్జిగ అన్నియు ఒకే ధరకు వడ్డించు 'మీల్సు' అదే గదా! దానికి ముందు పూటకూళ్ళ యిండ్లుండెడివి. 1892లో తొలిసారి ప్రదర్శింపబడిన గురజాడవారి 'కన్యాశుల్కము'లోని పూటకూళ్ళమ్మను ఎరుగని తెలుగువాడు లేడు. ఆమె గడుసుతనమును చూచి నవ్వుకొన్న పాఠకులు ఒక సంగతిని గమనింపకపోవచ్చును. పరాయి ఊరిలో కచ్చేరీ పని మీద వచ్చిన వానికిని, చదువుకొను కుఱ్ఱవానికిని ఒక పూట వేడి అన్నము పెట్టు ఇల్లు ఆమెది. ఊరు పెరుగుటకు రోడ్డెంత అవసరమో ఆ ఇల్లును అంత అవసరము.

విశాఖ పెరిగిన తీరే అట్టిది. 1933లో రేవు తెరువబడినది. 1941లో సింధియా వారి నౌకానిర్మాణశాలకు పునాది పడినది. 1948లో 'జల ఉష' నీటిలోనికి జారినది. 1957లో చమురు శుద్ధి కర్మాగారము వచ్చినది. 1966లో ఉక్కు కొరకు జరిగిన ఉద్యమములో పలువురు ప్రాణములిచ్చిరి. 1971లో పునాదిరాయి పడిన ఆ కర్మాగారము 1992లో జాతికి అంకితమైనది. ఈ తేదీ లన్నిటి వెనుకను ఇల్లు విడిచి వచ్చిన మనుష్యులున్నారు. శ్రీకాకుళము నుండి, విజయనగరము నుండి, గోదావరి జిల్లాల నుండి, ఒరిస్సా నుండి వచ్చిన కూలీలు, వెల్డర్లు, గుమాస్తాలు ముందు వెదకినది గది కాదు, మెస్సు. 1948నాటి కర్మాగారముల చట్టము 250 మందికి పైబడి పనిచేయు చోట భోజనశాల ఉండవలెనని విధించినది. అందుచేత గేటు లోపలి వానికి కొంత ఊరట కలిగినది. గేటు వెలుపల నిలిచిన లారీ డ్రైవరును, సరకు దింపు కూలీయును ఏమి తినవలెనో చట్టము చెప్పలేదు. ఆ ప్రశ్నకు తోపుడుబండి సమాధానము చెప్పినది.

కావున ఈ నగరమున చవుకగా తినగోరువాడు మొదట తెలిసికొనవలసిన సూత్రము ఒక్కటే: యాత్రికుడు తినుచోట గాక, పనివాడు తినుచోట తినవలెను. భోజనపు ధరలో బియ్యము, పప్పు ఎంతయో, గది అద్దెయు అంతే పలుకును. బీచిరోడ్డు మీద అలల చప్పుడు వినుచు తినువాడు ఆ చప్పుడుకు కూడ ధర చెల్లించుచున్నాడు. సముద్రమునకు వీపు చేసి రెండు మూడు వీధులు పైకి నడచినచో మహారాణిపేటలోను, పెదవాల్తేరులోను అదే పప్పు, అదే చారు మరి కొంత తగ్గును. పూర్ణా మార్కెట్టు పరిసరములలోను, డాబాగార్డెన్సులోను, బస్సుల కాంప్లెక్సు వెనుక సందులలోను ధరలు పనివాని జేబును చూచి నిర్ణయింపబడును. అట్టి చోట బల్లలు ఇరుకు, మాటలు బిగ్గర, వడ్డన వేగము. కాని పదిమంది వచ్చి పోవు చోట అన్నము చల్లారదు, కూర నిలువ ఉండదు. చవుకతనమునకు శుభ్రత తోడైనదా లేదా అని చూచుటకు ఇంతకంటె మంచి గుర్తు లేదు.

ఉదయమున టిఫిను బండి వద్ద ఇడ్లీయు, దోసెయు, పెసరట్టును దొరకును. నగరమునకు ఇంకను పల్లెవాసన పోలేదనుటకు సాక్ష్యముగా అక్కడక్కడ చోడంబలి కుండయు కనిపించును. ఉత్తరాంధ్రమున రాగులను చోళ్ళందురు. మజ్జిగ కలిపిన చోడంబలి ఒక గ్లాసుడు, నంజుకొనుటకు ఒక ఉల్లిపాయ ముక్క. ఎండాకాలపు ఉదయమున రిక్షా త్రొక్కినవానికి అదియే ఫలహారము. ఒకప్పుడు బీదల తిండి యని చిన్నచూపు చూచిన దానినే ఇప్పుడు మధుమేహమునకు భయపడిన కారు యజమానులును నిలబడి త్రాగుచున్నారు.

మధ్యాహ్నమున హద్దు లేని పూర్తి భోజనమును, కొలత గల ప్లేటు భోజనమును వేరువేరు ధరలకు దొరకును. మితముగా తినువారు రెండవదానిని అడిగినచో చాలును. నాలుగు దినములు బస చేయు కుటుంబమునకు కర్రీ పాయింటు మరొక ఉపాయము. అన్నము గదిలో వండుకొని, కూరయు పప్పును పొట్లములుగా తెచ్చుకొనవచ్చును. 1999లో రాష్ట్రమున ఆరంభమైన రైతుబజార్లు ఈ నగరమునను ఉన్నవి. ఎం.వి.పి. కాలనీ బజారులో అరటిపండ్లు, జామకాయలు కొని సంచిలో వేసికొన్నవాడు సాయంకాలము బీచిలో పిల్లల ఆకలికి జడియడు.

చేపల సంగతి వేరు. రేవు పట్టణములో చేప చవుక యని వచ్చినవాడు నమ్మును. అది కొంతవరకే నిజము. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమది. ఆ రోజులే బడుల సెలవు రోజులు, యాత్రికులు ఎక్కువగా వచ్చు రోజులు. సరకు తగ్గి గిరాకి పెరిగినప్పుడు ధర ఏమగునో చెప్పనక్కరలేదు. పేరుపొందిన వంజరము, చందువలను కోరక, నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు వండిన చోటు వెదకుట వివేకము. జాలరి తన యింట తినునవి ఇవియే. ఏది కోరినను వండకముందే ధర అడుగుట మరువరాదు. తూకమును బట్టి అమ్ము చేపకు ధర ప్రతిదినము మారును.

సాయంకాలము తీరమంతయు బండ్లే. మురీ మిక్చరు, మిరపకాయ బజ్జీ, నిప్పుల మీద కాలిన మొక్కజొన్న పొత్తు. కుటుంబమంతయు హోటలుకు పోలేని దినమున ఈ పొట్లములే విందు. ఈ బండివాని లెక్క మిక్కిలి సన్ననిది. నూనె ధర పెరిగినను, 19 కిలోల వ్యాపారపు గ్యాసు సిలిండరు ధర పెరిగినను అతడు వెంటనే పొట్లము ధర పెంచలేడు. కొనువాడు అంతటి బీదవాడే. వాన పడిన సాయంకాలము అతని సంపాదన శూన్యము. పైగా త్రోవకు అడ్డమని ఎప్పుడు లేవగొట్టుదురో యను భయము. పాదచారికి త్రోవ కావలెననుట న్యాయమే. అయితే 2014లో చేసిన వీధి వర్తకుల చట్టము ఆ న్యాయమునకు మరొక వైపును చూపినది. ముందు వర్తకుల గణన జరుపవలెను. గణన ముగిసి పత్రములిచ్చువరకు ఎవ్వరిని తొలగింపరాదు. స్థలములు నిర్ణయించు సంఘములో నూటికి నలుబది మందికి తక్కువ గాకుండ వర్తకులే ఉండవలెను. ఈ నియమములు పాటింపబడిన చోట బండియు నిలుచును, త్రోవయు మిగులును. బండి పోయినచో నష్టపడునది బండివాడు మాత్రమే కాదు. ఆ పొట్లముతో పూట గడపుకొను వేలాది జనము భోజనపు ధర మరునాడే పెరుగును.

ఈ మాట యాత్రికుని వినోదముతో ముగియునది కాదు. బీచికి కూతవేటు దూరమున మహారాణిపేటలోనే కింగ్ జార్జి ఆసుపత్రి కలదు. ఉత్తరాంధ్ర జిల్లాల నుండియు, మన్యము నుండియు, ఒరిస్సా నుండియు రోగులు అక్కడికి వత్తురు. రోగికి ఆసుపత్రి అన్నము పెట్టును. రోగి వెంట వచ్చిన తల్లియో, భార్యయో పది దినములు ఏమి తినవలెను? సముద్రము చూచుటకు వచ్చినవాడు ధర నచ్చకున్న ముందుకు నడచును. ఆమె మంచము విడిచి దూరము పోజాలదు. మందుల చీటీకి పైకము దాచి తన భోజనము మానుకొను మనిషి ఆమె. నగరమున చవుక భోజన మున్నదా అను ప్రశ్నకు నిజమైన పరీక్ష ఆమె విస్తరియే.

2018లో రాష్ట్రప్రభుత్వము అన్న క్యాంటీనులను తెరచి పూటకు ఐదు రూపాయలకు భోజనము పెట్టినది. 2019లో అవి మూతపడినవి. 2024 ఆగస్టులో మరల తెరువబడినవి. ఆ నడుమ గడచిన ఐదేండ్లలో ఆకలికి మాత్రము సెలవు లేదు. ప్రభుత్వములు మారవచ్చును, పొయ్యి ఆరరాదని ఈ చరిత్ర చెప్పుచున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడి విద్యుత్తు, నీరు, పాలు కరవైనప్పుడు, అన్నము ముందు ఉన్నవాడును లేనివాడును ఒక్కటేనని నగరము తెలిసికొన్నది. ఆ పాఠము మరువదగినది కాదు.

అన్నము పెట్టుట ఈ నేలకు క్రొత్త విద్య కాదు. సింహాచలమున అప్పన్న సన్నిధి అన్నదానమునకు కులము లేదు, ధర లేదు. ఆషాఢ పూర్ణిమకు ముప్పది రెండు కిలోమీటర్ల గిరిప్రదక్షిణమునకు జనము కదలినప్పుడు, త్రోవ పొడవునను నగరవాసులు నిలబడి మజ్జిగ, పులిహోర, పండ్లు చేతిలో పెట్టుదురు. నడచువాని ఊరేదని అడుగరు. ఆ ఒక్క రాత్రి విశాఖ అంతయు ఒక పూటకూళ్ళ యిల్లే, పైకము పుచ్చుకొనని పూటకూళ్ళ యిల్లు. మిగిలిన మూడువందల అరువది నాలుగు దినములును అంతటి ఉదారత ఎవ్వరును కోరరు. శ్రమపడినవాడు తన కూలిలో కొద్దిభాగమిచ్చి, తల దించుకొనక, కడుపునిండ తినగల చోటు వీధికొకటి ఉన్న చాలును. ఆ చోటును కాపాడుకొన్న నగరమునకు వచ్చిన అతిథి సముద్రమును మరచినను, అక్కడ తిన్న అన్నమును మరువడు.