యూనిట్ 11: కొత్త రెండరింగ్, కాంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను మదింపు చేయడం

విషయక్రమం

11.0 లక్ష్యాలు
11.1 పరిచయం
11.2 పరీక్షకు ముందు తేల్చుకోవలసినవి
11.3 రెండరర్‌ను పరీక్షించడం
11.4 కాంపోజిటర్‌ను పరీక్షించడం
11.5 లైసెన్సు, ఫైళ్ల భద్రత
11.6 మదింపు పత్రం
11.7 సారాంశం
11.8 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు
11.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• రెండు రెండరర్ల వేగాన్ని సమాన నాణ్యత వద్ద పోల్చగలుగుతారు.
• ఒక దృశ్యానికి ఎంత మెమరీ అవసరమో అంచనా వేయగలుగుతారు.
• కాంపోజిటర్ ఆల్ఫాను, కాంతిని సరిగా లెక్కిస్తున్నదో లేదో మూడు చిన్న పరీక్షలతో తెలుసుకోగలుగుతారు.
• సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా మీ పని మిగిలేలా జాగ్రత్త పడగలుగుతారు.

11.1 పరిచయం

త్రిమితీయ దృశ్యంలోని వస్తువులు, దీపాలు, కెమెరా వివరాల నుంచి బొమ్మను లెక్కించి ఇచ్చేది రెండరర్. విడివిడిగా తయారైన బొమ్మలను ఒకదానిపై ఒకటి పేర్చి తుది ఫ్రేమును తయారుచేసేది కాంపోజిటర్. ఈ రెండు పనులకూ ఏటా కొత్త సాఫ్ట్‌వేర్ వస్తూనే ఉంటుంది. ప్రతిదాని ప్రకటనలోనూ అందమైన బొమ్మలు, గొప్ప వేగం కనిపిస్తాయి. అయితే ఆ బొమ్మలను తయారుచేసినవారు నిపుణులు, వాడిన యంత్రాలు ఖరీదైనవి, ఎంచుకున్న దృశ్యాలు ఆ సాఫ్ట్‌వేర్‌కు అనుకూలమైనవి. మీ కంప్యూటర్‌పై మీ దృశ్యం ఎలా వస్తుందో ప్రకటన చెప్పదు.

దూరవిద్య విద్యార్థికి ఈ విషయం మరింత ముఖ్యం. మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూ, సొంత డబ్బుతో కొన్న ఒకే కంప్యూటర్‌పై రాత్రిపూట నేర్చుకుంటారు. ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడమంటే ఆరు నెలల శ్రమను దానిపై పెట్టడమే. అందువల్ల ముందుగా రెండు రోజులు పరీక్షకు కేటాయించడం లాభమే గాని నష్టం కాదు.

11.2 పరీక్షకు ముందు తేల్చుకోవలసినవి

'ఏది మంచి సాఫ్ట్‌వేర్?' అనే ప్రశ్నకు జవాబు లేదు. 'ఏ పనికి, ఏ యంత్రంపై, ఏ గడువులో?' అని అడిగినప్పుడే జవాబు దొరుకుతుంది. కాబట్టి ముందుగా ఈ మూడింటినీ కాగితంపై రాయండి.

మొదటిది పని. భవనాల లోపలి దృశ్యాలా, పాత్రల యానిమేషనా, లేక సినిమా షాట్‌లో కంప్యూటర్ బొమ్మను కలపడమా? లోపలి దృశ్యంలో గోడల నుంచి గోడలకు తిరిగే పరోక్ష కాంతి ప్రధానం. పాత్రల విషయంలో జుట్టు, చర్మం ప్రధానం. రెండవది యంత్రం. మీ కంప్యూటర్‌లోని ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు మెమరీ ఎంత అనేవి రాసుకోండి. మూడవది గడువు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 10 సెకన్ల షాట్‌కు 240 ఫ్రేములు కావాలి. ఫ్రేముకు 5 నిమిషాలు పడితే మొత్తం 20 గంటలు. ఫ్రేముకు ఒక్క నిమిషం పెరిగితే షాట్‌కు 4 గంటలు పెరుగుతాయి.

పరీక్షకు మీరు స్వయంగా తయారుచేసిన దృశ్యాన్నే తీసుకోండి. దానితోపాటు ఒక ప్రామాణిక దృశ్యం కూడా ఉంటే మంచిది. 1984లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన కార్నెల్ బాక్స్ ఇందుకు బాగా పనికివస్తుంది. ఒకవైపు ఎరుపు, మరొకవైపు ఆకుపచ్చ గోడలు గల పెట్టె అది. గోడల రంగు పక్కనున్న తెల్లటి వస్తువుపై పలచగా పడాలి. పడకపోతే ఆ రెండరర్ పరోక్ష కాంతిని లెక్కించడం లేదని అర్థం.

11.3 రెండరర్‌ను పరీక్షించడం

11.3.1 సమాన నాణ్యత వద్ద కాలం

1986లో జేమ్స్ కజియా ప్రతిపాదించిన రెండరింగ్ సమీకరణం, దానితోపాటు ఆయన చూపిన పాత్ ట్రేసింగ్ పద్ధతి నేటి అనేక రెండరర్లకు పునాది. బ్లెండర్‌లోని సైకిల్స్, ఆర్నాల్డ్, పిక్సార్ రెండర్‌మ్యాన్ ఈ కోవలోనివే. ఈ పద్ధతిలో ప్రతి పిక్సెల్ నుంచి యాదృచ్ఛికంగా కొన్ని కిరణాలను పంపి, అవి తెచ్చిన కాంతి సగటును లెక్కిస్తారు. ఈ కిరణాలనే శాంపిల్స్ అంటారు. శాంపిల్స్ తక్కువైతే బొమ్మపై ఇసుక చల్లినట్లు నాయిస్ కనిపిస్తుంది.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. నాయిస్ శాంపిల్స్ సంఖ్య వర్గమూలానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. అంటే నాయిస్ సగం కావాలంటే శాంపిల్స్ నాలుగు రెట్లు కావాలి. అందువల్ల 'రెండింటికీ 128 శాంపిల్స్ ఇచ్చి చూశాను, ఇది ముందు పూర్తయింది' అనే పోలిక తప్పుదారి పట్టిస్తుంది.

ఉదాహరణ: ఒకే దృశ్యానికి 128 శాంపిల్స్‌తో 'క' రెండరర్ 4 నిమిషాలు, 'ఖ' రెండరర్ 6 నిమిషాలు తీసుకున్నాయనుకుందాం. పైకి 'క' వేగమైనదిగా కనిపిస్తుంది. కాని 'ఖ' బొమ్మలో నాయిస్ సగమే ఉంది. 'క' ఆ నాణ్యతకు చేరాలంటే 512 శాంపిల్స్ కావాలి. అప్పుడు దానికి సుమారు 16 నిమిషాలు పడుతుంది. 240 ఫ్రేముల షాట్‌కు 'క' 64 గంటలు, 'ఖ' 24 గంటలు తీసుకుంటాయి. మొదటి తీర్పు తలకిందులైంది.

నాయిస్‌ను కంటితో అంచనా వేయకుండా కొలవవచ్చు. ప్రతి రెండరర్‌లోనూ ముందుగా చాలా ఎక్కువ శాంపిల్స్‌తో ఒక ఆధార చిత్రాన్ని తయారుచేయండి. దాని నుంచి పరీక్ష చిత్రాన్ని తీసివేసి, మిగిలిన తేడా సగటు పరిమాణాన్ని చూడండి. దృశ్యాన్ని మెమరీలోకి ఎక్కించే సమయాన్ని రెండరింగ్ సమయం నుంచి విడిగా రాసుకోండి. అది శాంపిల్స్‌తో పెరగదు.

11.3.2 మెమరీ

గ్రాఫిక్స్ కార్డుపై నడిచే రెండరర్ వేగంగా ఉండవచ్చు. కాని దృశ్యం ఆ కార్డు మెమరీలో పట్టాలి. పిక్సెల్‌కు నాలుగు చానళ్లు, చానల్‌కు 8 బిట్లు ఉన్న 4096 × 4096 టెక్స్చర్‌కు 64 ఎంబీ కావాలి. అలాంటివి 40 ఉంటే 2.5 జీబీ అవుతుంది. చానల్‌కు 16 బిట్లయితే 5 జీబీ. 4 జీబీ కార్డు ఉన్న విద్యార్థికి ఇక్కడే దారి మూసుకుపోతుంది. మెమరీ చాలనప్పుడు కొన్ని రెండరర్లు కంప్యూటర్ ర్యామ్‌ను వాడుకుని నెమ్మదిస్తాయి, కొన్ని ఆగిపోతాయి. మీ పరీక్ష దృశ్యంలో టెక్స్చర్లను కావాలని పెంచుతూ పోయి, ఏ దశలో ఏమి జరుగుతున్నదో నమోదు చేయండి.

11.3.3 నాయిస్ తొలగింపు

తక్కువ శాంపిల్స్‌తో వచ్చిన బొమ్మను శుభ్రపరిచే డీనాయిజర్లు నేడు చాలా రెండరర్లలో ఉన్నాయి. ఒక్క ఫ్రేమును చూస్తే అవి అద్భుతంగా కనిపిస్తాయి. అయితే యానిమేషన్‌లో ప్రతి ఫ్రేములోని నాయిస్ వేరు కాబట్టి డీనాయిజర్ ఊహ కూడా ఫ్రేము ఫ్రేముకు మారవచ్చు. ఫలితంగా నీడలు, నేత వివరాలు మిణుకుమిణుకుమంటాయి. కాబట్టి నిశ్చల చిత్రంతో తీర్పు చెప్పకండి. కనీసం 48 ఫ్రేములు, అంటే 2 సెకన్లు, రెండర్ చేసి నడిపించి చూడండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
64 శాంపిల్స్‌తో వచ్చిన నాయిస్‌ను నాలుగో వంతుకు తగ్గించాలంటే ఎన్ని శాంపిల్స్ కావాలి?

11.4 కాంపోజిటర్‌ను పరీక్షించడం

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వంటివి పొరల పద్ధతిలోను, న్యూక్, ఫ్యూజన్, నాట్రాన్ వంటివి నోడ్‌ల పద్ధతిలోను పనిచేస్తాయి. ఏ పద్ధతిదైనా లెక్క సరిగా ఉండాలి. కింది మూడు పరీక్షలకూ కలిపి గంటకు మించి పట్టదు.

11.4.1 ఆల్ఫా అంచు పరీక్ష

1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ బొమ్మలను కలిపే సూత్రాలను క్రోడీకరించారు. రంగును ముందే ఆల్ఫాతో గుణించి ఉంచినప్పుడు, పైబొమ్మను కిందిబొమ్మపై ఉంచే సూత్రం ఇది:

ఫలితం = పైబొమ్మ + కిందిబొమ్మ × (1 − పైబొమ్మ ఆల్ఫా)

అంచున ఉన్న ఒక పిక్సెల్‌లో ఎరుపు 1.0, ఆల్ఫా 0.5 అనుకోండి. గుణించిన ఎరుపు 0.5. నేపథ్యంలో ఎరుపు 0.2 అయితే ఫలితం 0.5 + 0.2 × 0.5 = 0.6. సాఫ్ట్‌వేర్ పొరపాటున ఆల్ఫాతో రెండోసారి గుణిస్తే 0.25 + 0.1 = 0.35 మాత్రమే వస్తుంది. వస్తువు చుట్టూ నల్లటి గీత కనిపించడానికి తరచు ఇదే కారణం. ఈ అంకెలతోనే ఒక చిన్న బొమ్మ తయారుచేసి, వచ్చిన విలువను చదవండి.

11.4.2 సరళ కాంతి పరీక్ష

తెరపై చూపే బొమ్మలోని అంకెలు కాంతి పరిమాణానికి నేరుగా అనుపాతంలో ఉండవు. కాంతిని కలిపేటప్పుడు వాటిని సరళ విలువలుగా మార్చి లెక్కించాలి. సగం నలుపు, సగం తెలుపు ఉన్న బొమ్మను బ్లర్ చేయండి. సరిగ్గా సరిహద్దు వద్ద ఎస్‌ఆర్‌జీబీ విలువ 255కు 188 దగ్గర వస్తే లెక్క సరళ కాంతిలో జరిగినట్లు. 128 దగ్గర వస్తే అలా జరగలేదని అర్థం. అటువంటప్పుడు తోసిపుచ్చే ముందు సెట్టింగులు వెతకండి. చాలా సాఫ్ట్‌వేర్‌లలో దీన్ని మార్చుకునే వీలుంటుంది.

11.4.3 పాస్‌ల కూడిక పరీక్ష

రెండరర్ నుంచి డిఫ్యూజ్, స్పెక్యులర్, ఎమిషన్ వంటి పాస్‌లను విడిగా తీసి, కాంపోజిటర్‌లో ఆ రెండరర్ చెప్పిన సూత్రం ప్రకారం తిరిగి కలపండి. దాని నుంచి పూర్తి చిత్రాన్ని తీసివేయండి. సున్నా, అంటే దాదాపు పూర్తి నలుపు, రావాలి. రాకపోతే ఏదో ఒక పాస్ తప్పిపోయింది, లేదా రంగు మార్పిడి ఎక్కడో జరిగింది. రెండు సాఫ్ట్‌వేర్‌లు కలిసి పనిచేస్తాయా అన్న ప్రశ్నకు ఇంతకన్నా నమ్మకమైన జవాబు లేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
గుణించిన ఆకుపచ్చ 0.3, ఆల్ఫా 0.6, నేపథ్యంలో ఆకుపచ్చ 0.5. ఫలితం ఎంత?

11.5 లైసెన్సు, ఫైళ్ల భద్రత

సాఫ్ట్‌వేర్ శాశ్వతం కాదు. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' చిత్రాలకు వాడిన షేక్ అనే కాంపోజిటర్‌ను 2002లో యాపిల్ కొని, విండోస్‌పై ఆపివేసింది. 2009లో షేక్ పూర్తిగా ఆగిపోయింది. ఎన్నో ఏళ్లు పేరుపొందిన మెంటల్ రే రెండరర్ అభివృద్ధిని 2017లో ఎన్విడియా నిలిపివేసింది. ఇవి నాసిరకం సాఫ్ట్‌వేర్‌లు కావు. కంపెనీల వ్యాపార నిర్ణయాలకు నాణ్యతతో ప్రతిసారీ సంబంధం ఉండదు.

నేను పనిచేసిన ఒక విభాగంలో ప్రదర్శన చూసి ఒక సాఫ్ట్‌వేర్‌ను ఏడాది లైసెన్సుపై తీసుకున్నాం. మరుసటి ఏడాది నిధులు రాలేదు, లైసెన్సు ముగిసింది. విద్యార్థుల ప్రాజెక్టు ఫైళ్లు ఒక్కటీ తెరుచుకోలేదు. ప్రాజెక్టు ఫైలుతోపాటు ప్రతి దశలోని ఫ్రేములను విడిగా భద్రపరచిన ఇద్దరు మాత్రమే ఇంటర్వ్యూలలో తమ పని చూపించుకోగలిగారు. ఎంపికలో నేనూ ఉన్నాను. 'ఇది ఆగిపోతే ఏమవుతుంది?' అని మేమెవరమూ అడగలేదు.

కాబట్టి మీరు అడగండి. ఫ్రేములను ఓపెన్‌ఈఎక్స్‌ఆర్ వంటి బహిరంగ ఫార్మాట్‌లో దాచండి. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ సంస్థ దీనిని 2003లో అందరికీ విడుదల చేసింది. చానల్‌కు 16 బిట్లతో, నాలుగు చానళ్లతో ఒక 1920 × 1080 ఫ్రేముకు కుదింపు లేకుండా సుమారు 16.6 ఎంబీ అవుతుంది. అంటే 240 ఫ్రేములకు దాదాపు 4 జీబీ. ఈ నిల్వ ఖర్చును కూడా లెక్కలో చేర్చండి.

లైసెన్సు షరతులను చదవండి. బ్లెండర్ 2002 నుంచి జీపీఎల్ కింద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దానితో చేసిన బొమ్మలను అమ్ముకోవచ్చు. నాట్రాన్ కూడా ఓపెన్‌సోర్స్. న్యూక్ నాన్‌కమర్షియల్ నేర్చుకోవడానికి ఉచితం. కాని దానితో సంపాదన పని చేయరాదు, ఫలిత చిత్రం 1920 × 1080 దాటదు. దొంగ కాపీలతో నేర్చుకోవడం చట్టవిరుద్ధం, వైరస్‌లకు తలుపు తీయడం కూడా. చట్టబద్ధమైన ఉచిత మార్గాలు ఇన్ని ఉండగా ఆ అవసరం లేదు.

11.6 మదింపు పత్రం

ఫలితాలను ఒకే కాగితంపై ఈ వరుసలో రాయండి:
1. సమాన నాణ్యత వద్ద ఫ్రేముకు పట్టిన కాలం.
2. గరిష్ఠ మెమరీ, మెమరీ చాలనప్పుడు ప్రవర్తన.
3. 48 ఫ్రేముల పరీక్షలో మిణుకు ఉందా, లేదా.
4. ఆల్ఫా, సరళ కాంతి, పాస్‌ల కూడిక ఫలితాలు.
5. లైసెన్సు ఖర్చు, షరతులు, ముగిస్తే ఏమి మిగులుతుంది.
6. మీరు చేరదలచిన స్టూడియోలలో దీని వాడకం.

వీటికి మార్కులు వేసి కూడవద్దు. 4వ అంశంలో సరిదిద్దలేని తప్పు ఉన్న సాఫ్ట్‌వేర్‌ను వేగం కాపాడలేదు. 2వ అంశంలో మీ యంత్రానికి సరిపోనిది ఎంత గొప్పదైనా మీకు పనికిరాదు. ఈ రెండింటినీ దాటినవాటి మధ్యనే మిగిలిన పోలిక. 6వ అంశం చివర ఉండడానికి కారణం ఉంది. స్టూడియో మారితే సాఫ్ట్‌వేర్ మారుతుంది. ఆల్ఫా, కాంతి, శాంపిల్స్ గురించిన అవగాహన ఎక్కడికి వెళ్లినా మీ వెంట వస్తుంది.

11.7 సారాంశం

సాఫ్ట్‌వేర్‌ను పని, యంత్రం, గడువుల దృష్ట్యా మదింపు చేయాలి. రెండరర్ల వేగాన్ని సమాన శాంపిల్స్ వద్ద కాక సమాన నాణ్యత వద్ద పోల్చాలి. డీనాయిజర్‌ను కదిలే చిత్రంపై పరీక్షించాలి. కాంపోజిటర్ లెక్కలను తెలిసిన అంకెలతో సరిచూడాలి. ఫలితాలను బహిరంగ ఫార్మాట్‌లో భద్రపరచాలి.

11.8 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

1. 1024 శాంపిల్స్. నాయిస్ నాలుగో వంతు కావాలంటే శాంపిల్స్ 16 రెట్లు కావాలి.
2. 0.3 + 0.5 × 0.4 = 0.5.

11.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. రెండు రెండరర్లను సమాన నాణ్యత వద్ద పోల్చే విధానాన్ని సోదాహరణంగా వివరించండి.
2. కాంపోజిటర్‌ను పరీక్షించే మూడు పద్ధతులను వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. డీనాయిజర్‌ను నిశ్చల చిత్రంతో మదింపు చేయడం ఎందుకు సరిపోదు?
2. బహిరంగ ఫైలు ఫార్మాట్ ప్రాధాన్యం ఏమిటి?