పుచ్చుకొన్నవాడే దాత

గోదానము మన గ్రామములకు క్రొత్త కాదు. అయితే మన గోదానములో ఇచ్చువాడొకడు, పుచ్చుకొనువాడొకడు; వారి స్థానములు మారవు. పుచ్చుకొన్నవాడు కూడ దాత కావలెనను నియమముతో పశువుల నిచ్చు సేవాసంస్థ యొకటి అమెరికాలో క్రైస్తవుల నడుమ పుట్టినది. నేడు దానిని హెఫర్ ఇంటర్నేషనల్ అందురు. హెఫర్ అనగా ఇంకను ఈనని పెయ్య. ప్రభుత్వ సహాయము ఎవరికి చేరవలెనో తేల్చవలసిన పంచాయతీ సభ్యులకు ఆ సంస్థ పద్ధతి తెలిసియుండుట మంచిదని తలచి, ఇచట వివరించుచున్నాము.

దీనికి మూలపురుషుడు డాన్ వెస్ట్. ఆయన ఇండియానా రాష్ట్రపు రైతు. యుద్ధములో పాల్గొనరాదని నమ్ము బ్రెదరన్ అను క్రైస్తవ సంఘమునకు చెందినవాడు. 1936లో స్పెయిన్ దేశమున అంతర్యుద్ధము చెలరేగెను. ఆ కాలమున ఆయన అచ్చటికి పోయి, ఆకలిగొన్న బిడ్డలకు పాలు పంచు పనిలో చేరెను. పాలు తక్కువ, బిడ్డలెక్కువ. ఎవరికి పోయవలెను, ఎవరిని వట్టిచేతులతో పంపవలెను అనునది పంచువారే తేల్చవలసి వచ్చెను. ఇంతకంటె కఠినమైన పని వేరొకటి యుండునని మేము తలపము. నేడు గిన్నెడు పాలు పోసినను రేపు మరల గిన్నె పట్టుకొని రావలసినదే. ఇంటనే ఆవున్నచో ఆ అవసరము లేదు గదా యని ఆయనకు తోచెను.

స్వదేశమునకు తిరిగివచ్చి తోటి రైతులకు ఈ మాట చెప్పెను. 1944లో మొదటి విడతగా 17 పెయ్యలు ప్యూర్టోరికో ద్వీపమునకు చేరినవి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1945 మొదలు 1947 వరకు, అన్రా అను అంతర్జాతీయ సహాయసంస్థ యూరపు దేశములకు ఓడలలో పశువులను పంపెను. వాటి వెంట సుమారు 7,000 మంది కాపరులు పోయిరి. వారిని సమకూర్చినది బ్రెదరన్ సంఘమే. మేత వేయుట, పేడ ఎత్తుట, నడిసముద్రమున ఈనిన ఆవులను చూచుకొనుట వారి పని. 1953లో హెఫర్ స్వతంత్ర సంస్థగా రిజిస్టరైనది. సహాయమునకు అవసరమే కొలత గాని మతము కాదు.

ఇక నియమము. పశువును ఉచితముగనే ఇత్తురు. కాని దానికి పుట్టిన మొదటి పెయ్యదూడను పెంచి మరియొక బీదకుటుంబమున కీయవలెను. వినుటకు సులభమే. లెక్క చూడుడు: ఆవు చూడి తొమ్మిది మాసములు దాటును. కోడెదూడ పుట్టినచో మరుసటి ఈత వరకు ఆగవలెను. పెయ్యయే పుట్టినను, అది ఎదకు వచ్చి చూడి కట్టుటకు రెండేండ్లో మూడేండ్లో పట్టును. అంతకాలము కన్నబిడ్డవలె మేపి, తీరా ఫలమందు వేళకు పొరుగింటికి తోలి యిచ్చుట ఎవరికైనను కష్టమే. సంతకు తోలుకొనిపోవలెనన్న ఆశ కూడ పుట్టకపోదు. అందుచేత ఒక్కొక్క ఇంటి వాగ్దానమునే నమ్ముకొనక, పుచ్చుకొనువారిని సాధారణముగ ఒక సంఘముగ చేర్తురు. తరువాత పొందవలసినవారును చుట్టుపట్లవారే గనుక, దూడ ఎట్లు పెరుగుచున్నదో వారే కనిపెట్టియుందురు. అధికారి తనిఖీకంటె ఈ పొరుగువాని చూపే ఎక్కువ పనిచేయును. ఉద్యోగులమై యుండియు ఈ మాట ఒప్పుకొనక తప్పదు.

పశువు రాకముందే కొట్టము, మేత, నీరు సిద్ధము కావలెను. పోషణలో శిక్షణ పొందవలెను. ఇవి లేని ఇంట ఆవు అప్పుతో సమానము. అందుకే అన్నిచోట్ల ఆవులనే పంచరు. మేకలు, కోళ్లు, తేనెటీగల పెట్టెలు కూడ ఇత్తురు. మేకను పుచ్చుకొన్నవారు మేకపిల్లను పెంచి, పొరుగువారికి అప్పగింతురు.