ప్రమాణమా, వారసత్వమా? 1460లో ఇంగ్లాండు పార్లమెంటు ఎదుట నిలిచిన ప్రశ్న

తన ప్రాణము తీయ వెదకిన సౌలు గుహలో చేతికి చిక్కినప్పటికీ దావీదు అతనిని చంపలేదు. సౌలు యెహోవా అభిషిక్తుడన్న తలంపే అతనిని ఆపింది (1 సమూయేలు 24). మధ్యయుగపు ఇంగ్లాండులో కూడా పట్టాభిషేక సమయమున ఆర్చిబిషప్పు రాజును తైలముతో అభిషేకించేవాడు. ప్రభువులు రాజుకు విధేయత ప్రమాణము చేసేవారు. అలాంటి రాజును తొలగించుట ఎట్లు?

1399లో ఈ పని ఒకసారి జరిగింది. రెండవ రిచర్డు రాజ్యమును వదులుకొన్నట్లు ఒక పత్రము చదివి, అతనిపై 33 నేరారోపణలు మోపి, అతని పినతండ్రి కుమారుడైన నాలుగవ హెన్రీని సింహాసనమెక్కించారు. ఆ రోజు ఆర్చిబిషప్పు థామస్ అరండెల్ 1 సమూయేలు 9:17ను మూలవాక్యముగా తీసుకొని, ఇక బాలుడు కాక పురుషుడు ఏలునని ప్రసంగించాడు. ఆ వచనము సౌలును గూర్చినదనియు, ఆ సౌలే తరువాత విసర్జింపబడెననియు వినువారిలో ఎవరికైనా తట్టినదో లేదో!

నాలుగవ హెన్రీ మనుమడైన ఆరవ హెన్రీ భక్తిపరుడే గాని పాలనకు చాలినవాడు కాడు. 1453లో అతనికి మతి చలించింది. ఫ్రాన్సులోని భూభాగములు, కలే పట్టణము తప్ప, చేజారాయి. 1455 నాటికి ప్రభువులు రెండు పక్షములై కత్తులు దూశారు. 1460 జూలైలో నార్తాంప్టన్ యుద్ధములో రాజు యార్క్ పక్షమువారికి బందీ అయ్యాడు. అక్టోబరులో యార్క్ డ్యూక్ రిచర్డు వెస్ట్‌మినిస్టరుకు వచ్చి, కూడియున్న ప్రభువుల ఎదుట ఖాళీ సింహాసనముపై చేయి వేశాడు. జయధ్వానములు వినబడలేదు.

అప్పుడతడు తన హక్కును పార్లమెంటుకు వ్రాతపూర్వకముగా సమర్పించాడు. హెన్రీ వంశకర్త గాంట్ జాన్. రిచర్డు, జానుకు అన్నయైన లయొనెల్ కుమార్తె సంతతివాడు. పెద్ద శాఖయే, కాని స్త్రీ ద్వారా వచ్చినది. సెలోపెహాదు కుమార్తెల సంగతి (సంఖ్యాకాండము 27) మనకు గుర్తుకు వచ్చుట సహజము.

ప్రభువులు న్యాయమూర్తులను అడిగితే, ఇది చట్టమునకు, తమ విద్యకు మించినదని తప్పుకొన్నారు. పెద్ద న్యాయవాదులును అదే మాట అన్నారు. చివరికి ప్రభువులే అభ్యంతరములు వ్రాశారు. వాటిలో మొదటిది వంశావళి కాదు. తాము హెన్రీకి చేసిన ప్రమాణము. నిజానికి రిచర్డు కూడా 1452లో సెయింట్ పాల్ దేవాలయములో ఆ రాజుకే ప్రమాణము చేసియున్నాడు. సత్యమునకు, న్యాయమునకు విరోధమైన ప్రమాణము ఎవరినీ బంధించదనియు, కావలెనన్న ఆధ్యాత్మిక న్యాయాధిపతి ఎదుట సమాధానమిచ్చెదననియు అతడు జవాబిచ్చాడు. మా దృష్టిలో ఈ వివాదమంతటికి గుండెకాయ ఇదే. హేరోదు ప్రమాణమును గూర్చి బోధించినవారు ఈ జవాబును తేలికగా కొట్టివేయలేరు. అయితే ఏది న్యాయవిరుద్ధమో తేల్చేది, దానివలన లాభము పొందబోవువాడే అయితే?

చివరికి రాజీ కుదిరింది. హెన్రీ బ్రతికినంతకాలము రాజు. తరువాత రిచర్డు, అతని సంతానము. ఏడేండ్ల రాకుమారుడు ఎడ్వర్డుకు ఏమియు లేదు. దీనికిని మరల ప్రమాణములే! తల్లియైన మార్గరెట్ రాణి ఒప్పుకొనలేదు. డిసెంబరు 30న వేక్‌ఫీల్డ్ వద్ద రిచర్డు హతుడయ్యాడు. 1461 ఫిబ్రవరిలో హెన్రీ రాణి సైన్యమును చేరగా, ఒప్పందమును మీరినవాడు అతడేనని యార్క్ పక్షము వాదించి, రిచర్డు కుమారుని నాలుగవ ఎడ్వర్డుగా ప్రకటించింది. మార్చి 29న, మట్టల ఆదివారమున, టౌటన్ వద్ద మంచులో జరిగిన ఘోర యుద్ధములో ఎడ్వర్డు గెలిచాడు. ఆ నవంబరులో కూడిన పార్లమెంటు, 1399 నుండి ఏలిన ముగ్గురు హెన్రీలును వాస్తవములో రాజులే గాని హక్కుచేత కాదని తీర్మానించింది. ఆ ముగ్గురును అభిషేకము పొందినవారే.