పాత నాణెం, కొత్త కొలువు: మీకు తెలుసా?

పాత నాణేలంటే బీరువాలో దాచుకునే సరదా ఒక్కటే అనుకుంటున్నారా? వాటి మీద బతుకుతెరువు కూడా ఉంది! ఆ రంగంలో తొలి మెట్టు ఎక్కడుందో, పెద్దపెద్దవాళ్లు దాన్ని ఎలా ఎక్కారో చూద్దాం పదండి.

బ్రాహ్మీ లిపి గుట్టు విప్పిన జేమ్స్ ప్రిన్సెప్ మొదటి ఉద్యోగం ఏమిటో మీకు తెలుసా? కలకత్తా టంకశాలలో లోహాల నాణ్యత తేల్చే అధికారికి సహాయకుడు! 1819లో చేరేనాటికి వయసు ఇరవై. పాత నాణేల మీద అక్షరాలు చూసీ చూసీ 1837లో అశోకుడి శాసనాలే చదివేశాడు. అప్పటికి నలభై కూడా నిండలేదు మరి!

సైన్యం నుంచి పారిపోయినవాడు నాణేల చరిత్రలో నిలిచిపోయాడని మీకు తెలుసా? అసలు పేరు జేమ్స్ లూయిస్, పెట్టుకున్న పేరు చార్లెస్ మాసన్. 1827లో ఈస్టిండియా కంపెనీ కొలువు వదిలి పరారయ్యాడు. అఫ్గానిస్తాన్‌లోని బగ్రామ్ దగ్గర వేలకు వేలు పాత నాణేలు పోగేశాడు. తర్వాత ఆ పనికి డబ్బిచ్చింది ఎవరనుకున్నారు? అదే కంపెనీ!

లెక్కల మాస్టారు త్రాసు పట్టుకుంటే ఏమవుతుందో మీకు తెలుసా? గణిత శాస్త్రవేత్త డి.డి. కోశాంబి వేలకొద్దీ నాణేలు ఒక్కొక్కటీ తూచాడు. చేతులు మారేకొద్దీ నాణెం అరుగుతుంది, బరువు తగ్గుతుంది. ఆ తరుగును బట్టి ఏది ముందుదో ఏది తర్వాతదో తేల్చాడు. తూకంతో చరిత్ర!

చూపు దాదాపు పోయాక నాణేల పుస్తకం పూర్తి చేసినవారున్నారని మీకు తెలుసా? గుంటూరు సీమలో పనిచేసి, అమరావతి శిల్పాలు తవ్వించిన వాల్టర్ ఇలియట్! దక్షిణ భారత నాణేల మీద ఆయన గ్రంథం 1880ల్లో వెలువడింది. ఇక కళ్లద్దాలు వచ్చాయని బెంగపడేవాళ్లు ధైర్యంగా ఉండొచ్చు!

ఇంతకీ కొత్తగా చేరినవాళ్లకు ఏ పని ఇస్తారో మీకు తెలుసా? నాణెం అంచు పట్టుకోవడం, తూచడం, కొలవడం, ఫొటో తీయడం, రాసిపెట్టడం. బొమ్మకు బొరుసు ఎటు తిరిగి ఉందో కూడా గడియారం లెక్కలో రాయాలి: 6 గంటలా, 12 గంటలా అని. నాణెం ఆగిపోయి రెండు వేల ఏళ్లయినా టైము మాత్రం చెప్పాల్సిందే!

అన్నిటికన్నా మొండి నాణేలేవో మీకు తెలుసా? విద్ధాంక నాణేలు. వెండి ముక్క మీద గుర్తులు కొట్టి వదిలేశారు. రాజు పేరు లేదు, సంవత్సరం లేదు. పేరూ పుట్టిన తేదీ లేని దరఖాస్తు లాంటివి. అయినా తిరస్కరించే వీల్లేదు!

నాసిక్ దగ్గర జోగళ్‌తెంబిలో 1906లో ఎన్ని వెండి నాణేలు దొరికాయో మీకు తెలుసా? 13 వేలకు పైనే! అన్నీ క్షత్రప రాజు నహపాణుడివే. వాటిలో సుమారు 9,270 నాణేల మీద అతన్ని ఓడించిన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. గెలుపు చాటింపు వేయడానికి శత్రువు నాణేలే చాలాయి!

తెలంగాణలోని కోటిలింగాల పేరు విన్నారా? శాతవాహన వంశపు తొలి రాజు సిముకుడి పేరున్న నాణేలు అక్కడే దొరికాయి. పురాణాల్లో చదివిన పేరు గోదావరి ఒడ్డున అరచేతిలోకి వచ్చింది!

ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర 2010లో ఒక్క కుండలో దొరికిన రోమన్ నాణేలెన్నో మీకు తెలుసా? 52,503! బరువు 160 కిలోలు. దొరికినాయన తవ్వడం ఆపి పురావస్తు శాస్త్రవేత్తలను పిలిచాడు. అందుకే ఏ పొరలో ఏ నాణెం ఉందో తెలిసింది. చేతులు కట్టుకుని నిలబడటం కూడా గొప్ప పనే!

జెర్సీ దీవిలో 2012లో బయటపడిన ముద్ద సంగతి మీకు తెలుసా? అతుక్కుపోయిన 69,347 నాణేలు! విడదీయడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. ఆ పనిలో స్వచ్ఛంద సేవకులూ కూర్చున్నారు. తొలి మెట్టంటే అదే!

పాత నాణెం దొరికితే మన చట్టం ఏమంటుందో మీకు తెలుసా? 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలి. ఇప్పటికీ పదే! నూరేళ్లు దాటిన నాణేన్ని అనుమతి లేకుండా దేశం దాటించడానికీ వీల్లేదు. ఈ రంగంలో నిజాయతీయే మొదటి అర్హత.

ఎక్కడ నేర్చుకోవాలో మీకు తెలుసా? నాసిక్ దగ్గరి అంజనేరిలో నాణేల కోసమే ఒక పరిశోధన సంస్థ ఉంది. 1910లో పుట్టిన భారత నాణేల సంఘం వారణాసిలో ఉంది. గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాస్త్రంలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. పురావస్తు సర్వే వారి శాసన విభాగాలు మైసూరులో, నాగపూర్‌లో ఉన్నాయి. అమెరికా నాణేల సంఘం 1952 నుంచి ఏటా వేసవిలో విద్యార్థులకు తరగతులు పెడుతోంది. హైదరాబాద్ రాష్ట్ర మ్యూజియంలోనైతే నాణేలు లక్షకు పైనే. చూసే ఓపిక ఉండాలి గానీ!

పైసా ఖర్చు లేకుండా ఎన్ని రకాల రోమన్ నాణేలు చూడొచ్చో మీకు తెలుసా? 40 వేలకు పైనే! రోమ్ సామ్రాజ్యపు నాణేల జాబితా ఇంటర్‌నెట్‌లో ఉచితంగా ఉంది. ఫీజు లేని బడి!

ఆఖరి ప్రశ్న. పాత నాణేన్ని మెరిసేలా తోమితే ఏమవుతుందో మీకు తెలుసా? విలువ పడిపోతుంది! శుభ్రం చేయడం ప్రయోగశాలలో నిపుణుల పని. చింతపండు ఇత్తడి బిందెలకే వాడండి!

ఇవన్నీ చదివి చేతులు దురద పెడుతున్నాయా? అయితే ఈ వారమే బ్రాహ్మీ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టండి. దగ్గర్లోని మ్యూజియానికి వెళ్లి, తూకానికో, జాబితాకో సాయం చేస్తామని అడగండి. పెట్టెల్లో, సంచుల్లో చదివేవాళ్ల కోసం ఎదురుచూస్తున్న నాణేలు ఇంకా బోలెడు. ఆ చదివేవాళ్లు మీరే ఎందుకు కాకూడదు?