మోకరిల్లి పెట్టిన మొర

న్యాయస్థానమనగానే మనకు స్ఫురించునవి దావా, వకాలతు, వాయిదా. వ్యాజ్యము తేలునాటికి తగవునకు మూలమైన గోడ కూలిపోయి యుండవచ్చును. చెట్టు నేలకొరగి యుండవచ్చును. తీర్పు ఎంత ధర్మబద్ధమైనను, నరికిన చెట్టును తిరిగి నిలుపజాలదు. ఈ చిక్కునకు రెండు చిన్న దీవులలో శతాబ్దాలుగా నిలిచియున్న ఏర్పాటు మన విద్యార్థులు తెలిసికొనదగినది.

ఇంగ్లీషు కాలువలో, ఫ్రాన్సు తీరమునకు చేరువగా జెర్సీ, గెర్న్సీ అను దీవులున్నవి. పెద్దదైన జెర్సీ వైశాల్యము సుమారు 118 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య లక్షకు కొంచెము పైన. ఇవి ఒకప్పుడు నార్మండీ ప్రభువుల ఏలుబడిలోనివి. 1204లో జాన్ రాజు ఫ్రాన్సు గడ్డపైనున్న నార్మండీని పోగొట్టుకొన్నను, దీవులు మాత్రము ఆంగ్లరాజుల పక్షముననే నిలిచినవి. నేటికిని ఇవి బ్రిటిషు రాజమకుటమునకు లోబడినవే కాని యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగములు కావు. ప్రతి దీవికిని తన రాయల్ కోర్టు కలదు. దానికి బెయిలిఫ్ అధ్యక్షుడు. వాస్తవమేదో తేల్చువారు జ్యూరట్లు అను పెద్దలు. వీరు న్యాయశాస్త్రము చదివినవారే కానక్కరలేదు. కడపటి అప్పీలు లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోవును. 1949 వరకు మద్రాసు హైకోర్టు వ్యాజ్యములకును తుది మెట్టు అదియే.

ఈ దీవులలో ఒకని స్థిరాస్తికి కన్నులయెదుట అన్యాయము జరుగుచున్నచో, అతడు వకీలును వెదకుకొనుచు పోనక్కరలేదు. ఆ చోటనే, సాక్షుల సమక్షమున మోకరిల్లి, "హారో! హారో! హారో!" అని ముమ్మారు ఎలుగెత్తి, "నా ప్రభూ, ఆదుకొనుము, నాకు అన్యాయము జరుగుచున్నది" అని ఫ్రెంచి భాషలో మొరపెట్టవలెను. గెర్న్సీలో క్రైస్తవుల పరలోక ప్రార్థనను కూడ ఫ్రెంచిలోనే చదువవలెను. అంతట ఎదుటివాడు చేయుచున్న పని ఆపి తీరవలెను. అక్కడ మొరపెట్టినవాడు 24 గంటలలోగా దానిని కోర్టు కార్యాలయమున దాఖలు చేయవలెను. పిమ్మట విచారణ. మొర అకారణమని తేలినచో మొరపెట్టినవానికే జరిమానా. 2018లో సైతము గెర్న్సీలో రోడ్డుపనుల విషయమున ఈ మొర వినవచ్చినది.

'హారో' అనగా 'ఓ రోలో' అని, తొలి నార్మను ప్రభువును పిలుచుటయని జనశ్రుతి. సహాయము కోరు పురాతన జర్మానిక్ కేకయే దీనికి మూలమని పండితులు తలతురు. 1087లో విజేతయగు విలియమ్‌ను కాన్ నగరమున ఖననము చేయుచుండగా, అస్సెలిన్ అనువాడు అడ్డుపడి, ఆ నేల తన తండ్రినుండి అపహరింపబడినదని చాటెను. సమాధిచోటుకు 60 షిల్లింగులు చెల్లించిన తరువాతగాని అంత్యక్రియ సాగలేదు. అతడు పెట్టినది హారో మొరయేయని సంప్రదాయము. దేశములు గెలిచిన రాజును ఒక సామాన్యుని మాట గోతియొద్ద నిలిపివైచినది!

మనకును ఇట్టి భావము క్రొత్తది కాదు. ధర్మగంట కథలు వినని తెలుగు పిల్లవాడుండడు. దొర పేరిట పెట్టు ఆనకు 'దురాయి' అను మాట యుండెడిది. ఆ మాట నేడు నిఘంటువులలో మిగిలినది. దాని పనిని కోర్టువారి ఇంజంక్షను చేయుచున్నది. అయితే ఇంజంక్షనుకు అర్జీ కావలెను, ఫీజు కావలెను, కోర్టు తెరచియుండవలెను. హారో మొరకు కావలసినది గొంతు, ఇద్దరు సాక్షులు, పొరపడినచో జరిమానా కట్టుటకు సిద్ధపడు ధైర్యము.

ఒక విషయము గమనింపవలెను. ఈ మొర తగవును తీర్చదు, తీరువరకు ఆపును. న్యాయమెవరిదో తరువాత పెద్దలు చెప్పుదురు. ఈలోగా బలవంతుని గడ్డపార క్రిందికి దిగరాదు. నేలయొక్క విస్తీర్ణము చిన్నదైనను, ఈ వివేకము చిన్నది కాదు.