లాకులో ఆగిన పడవ



మన జువ్వలదిన్నె ప్రక్కగా సాగే బకింగ్‌హాం కాలువలో ఒకప్పుడు ఉప్పు, బియ్యం, కట్టెలు వేసుకొని పడవలు మద్రాసుకు వెళ్లేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు; లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు.

లాకు వద్ద మాత్రం ఎంతటి సరంగైనా ఆగవలసిందే. పడవ లోపలికి రాగానే వెనుక తలుపులు మూసేవారు. లోపలి నీరు, అవతలి నీరు సమమయ్యేదాకా పదిమంది నెట్టినా ముందు తలుపులు కదలవు. సమమైతే సులువుగా తెరుచుకుంటాయి.

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట ఆగినప్పుడు మన మత్స్యకార కుటుంబాలూ లాకులో ఆగిన పడవలే. వారితో “ప్రభువు కొరకు కనిపెట్టండి” అంటాము. మంచిదే (కీర్తన 40:1). కాని లాకులో నీరు ఊరకనే సమం కాదు. లస్కరు తూము ఎత్తాలి. 1877-78 కరువులో ఆకలిగొన్నవారికి కూలి ఇచ్చి ఈ కాలువ పనులే చేయించారు. వట్టి మాటతో పంపివేయలేదు (యాకోబు 2:15, 16).

ఇప్పుడా పడవలు లేవు. ఆగిపోయిన ఇళ్లు మాత్రం ఉన్నాయి. ఈ వారం మీ పొరుగింటికి ఒక కుంచెడు బియ్యం తీసుకెళ్లండి. తూము ఎత్తే చేయి మీదే కావచ్చును.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమెన్.